ఫ్రేముకు తెలుగు ఏది?

రాయపూర్‌లోని మోవాలో బలోదాబాజార్ రోడ్డు వెంట ఒక సాయంత్రం నడిస్తే ఫ్రేము అనే మాట ఎన్ని పనులు చేస్తుందో తెలుస్తుంది. దేవుడి బొమ్మలకు అద్దం వేసే దుకాణంలో అది నగిషీ చెక్కిన కర్రపట్టీ. కళ్ళజోళ్ళ షాపులో ముక్కు మీద ఆనే తీగ. సైకిళ్ళు బాగుచేసే చోట రెండు చక్రాలను కలిపే ఉక్కు గొట్టాలు. వెల్డింగు షెడ్డులో కిటికీ గ్రిల్లును పట్టి ఉంచే ఇనుప యాంగిల్. ఇల్లు కట్టించే ఇంజనీరు నోట అది స్తంభాలూ దూలాలూ కలిసిన సిమెంటు అస్థిపంజరం. పెళ్ళి వీడియో తీసే కుర్రాడు చుట్టాలను దగ్గరికి జరగమని అరిచేదీ ఫ్రేము పేరు చెప్పే.

రాయపూర్–విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి ఆ దారిన వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. మూడు భాషల మధ్య పెరిగే పిల్లలకు మాటల మీద అనుమానాలు ఎక్కువ. ఫ్రేమును తెలుగులో ఏమంటారని వాళ్ళు అడుగుతారు. ‘చట్రం’ అని చెప్పేసి ఊరుకోవచ్చు. ఆ జవాబు తప్పు కాదు కానీ సగమే. తెలుగులో ఫ్రేముకు పేర్లు చాలా ఉన్నాయి. ఆ పేర్ల వెనక నడిచే క్రియ మాత్రం చాలావరకు ఒక్కటే. ఈ వ్యాసం ఆ క్రియ కోసం.

ముందు ఇంగ్లీషు వైపు చూద్దాం. ఫ్రేము పుట్టినప్పుడు దానిలో కర్ర లేదు. పాత ఇంగ్లీషులో ఫ్రమియన్ అనే క్రియకు మేలు చేయడం, ముందుకు సాగడం అని అర్థం. ‘నుంచి’ అనే అర్థంలో వాళ్ళు ఇవాళ వాడే ఫ్రమ్ దీనికి దగ్గరి చుట్టం. కొన్ని శతాబ్దాలకు అది పనికి సిద్ధం చేయడమనే అర్థంలోకి వచ్చింది. సిద్ధం చేయవలసిన వాటిలో పెద్దది ఇంటి కలప. అందుకని కలపను కొలిచి, చెక్కి, ఒకదానిలో ఒకటి బిగించడం ఆ మాటకు స్థిరపడింది. తర్వాత ఆ బిగించిన వస్తువే ఫ్రేము అయింది. బొమ్మ చుట్టూ ఉండే అంచుకు ఈ పేరు వచ్చింది 1600 ప్రాంతంలో. మనిషి ఒళ్ళు, మనసు తీరు, నేతయంత్రం, సినిమా రీలులో సెకనుకు ఇరవైనాలుగుసార్లు మారే బొమ్మ, అన్నీ ఆ పేరు కిందికే చేరాయి. ఏ పాపం తెలియనివాడి మీద నేరం మోపడమనే అర్థం ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా యాసలోంచి వచ్చింది.

ఈ చివరి అర్థం దగ్గర కాస్త ఆగాలి. బొమ్మకు అద్దం వేయడానికీ అమాయకుణ్ణి ఇరికించడానికీ ఒకే మాట ఎలా కుదిరింది? ఇది ఇంగ్లీషు వాళ్ళకే తట్టిన చమత్కారం అనుకుంటాం. కానీ రాయపూర్ బజారు హిందీలో ఇదే జరిగింది. హిందీలో ఫొటోకు అద్దం, పట్టీ వేయించడాన్ని మఢ్‌వానా అంటారు. డోలుకు తోలు బిగించడం కూడా మఢ్‌నాయే. ఎవరి తప్పో ఇంకొకరి మీద రుద్దితే ‘దోష్ మఢ్‌నా’ అంటారు. బొమ్మకు అంచు బిగించినట్టే మనిషికి నేరం బిగిస్తారన్న మాట.

మరి తెలుగు? నేరం అంటగట్టారంటాం. అంట, కట్టు. వదలకుండా అంటుకునేలా కట్టడం. పటం విషయంలో మనం వాడేదీ కట్టించడమే. ఒకదానికొకటి చుట్టరికం లేని మూలాల నుంచి వచ్చిన మూడు క్రియలు మూడు భాషల్లోనూ ఒకే దారి పట్టాయి. చుట్టూ బిగిస్తే లోపలిది కదలదు. బొమ్మకు అది రక్ష, మనిషికి అది శిక్ష. లేని సంగతిని పుట్టించి చెప్పడానికి మనకున్న మాట కూడా కట్టుకథే.

న్యాయస్థానంలో రెండు రకాల ఫ్రేములు ఎదురెదురుగా నిలబడతాయి. ఇంగ్లీషులో జడ్జి ఛార్జీలు ఫ్రేము చేస్తాడు. నిందితుడి తరఫు వకీలు లేచి తన మనిషిని ఫ్రేము చేశారంటాడు. మొదటిది చట్టం చెప్పిన పని, రెండోది చట్టాన్ని వంచే పని. తెలుగు పత్రికలు వీటిని కలవనివ్వలేదు. అభియోగాలు నమోదు చేశారు, కేసులో ఇరికించారు అని వేరువేరుగా రాస్తాయి. హిందీలో కూడా ఆరోపాలు ‘తయ్’ అవుతాయి, దోషం మఢ్‌నా అవుతుంది. ఒక పెద్ద మాట నాలుగు పనులు చేసే చోట నాలుగు చిన్న మాటలుండడం ఒక్కోసారి న్యాయానికే మంచిది.

ఇక పేర్ల సంగతి. తెలుగు ఫ్రేమును అది దేన్ని పట్టి ఉంచుతుందో దాన్నిబట్టి పిలిచింది. తలుపును పట్టేది ద్వారబంధం, దర్వాజా. పలక చుట్టూ ఉండేది, డప్పుకూ జల్లెడకూ ఉండేది చట్రం. మార్కాపురం పలకతో అక్షరాలు దిద్దినవాళ్ళకు చట్రం అంటే మొదట గుర్తొచ్చేది నాలుగు మూలలా రేకు కొట్టిన ఆ కర్రే. కర్ర వదులైతే రాయి జారి పగిలేది.

బొమ్మ దగ్గర చిత్రమైనది జరిగింది. పటమంటే మూలంలో గుడ్డ. గుడ్డ మీద బొమ్మ వేస్తే దానికి అంచు కర్ర అక్కర్లేదు. తెలంగాణలో చేర్యాల నకాషీ పటాలు ఇప్పటికీ చుట్టలుగా చుట్టి ఉంటాయి, కథ చెబుతూ ఒక్కో అర విప్పుతారు. అచ్చు యంత్రాల నుంచి కాగితం మీద దేవుళ్ళు వచ్చాక సంగతి మారింది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన అచ్చుకూటం వంటివాటి వల్ల లక్ష్మి, సరస్వతి ఇంటింటికీ చేరారు. కాగితానికి చెమ్మ తగలకూడదు, చెదలు పట్టకూడదు. దానికి అద్దం కావాలి, వెనక అట్ట కావాలి, చుట్టూ కర్ర కావాలి. గుడ్డ పోయింది, పటమన్న పేరు మాత్రం అద్దాల బొమ్మకు మిగిలింది. అంతకుముందు మన ఇళ్ళల్లో పెద్దగా లేని ఈ కొత్త పనికి తెలుగువాళ్ళు కొత్త మాట వెదుక్కోలేదు. పటం కట్టించాం అన్నారు. ఇల్లు కట్టే మాట, చీర కట్టే మాట, పూలమాల కట్టే మాట ఇక్కడా సరిపోయింది.

మోవాలో ఇవాళ ఏ తెలుగింటికి వెళ్ళినా ఫ్రేము పని పేర్లు రెండుగా చీలి కనిపిస్తాయి. దల్దల్ సివనీ వైపు ఒక ఇంటి సింహద్వారం నిలబెట్టిన ఉదయం ఆ చీలిక నా కళ్ళముందే జరిగింది. కర్ర ఇక్కడి అడవి సాలు, ఛత్తీస్‌గఢీలో సరయీ అంటారు, తెలుగులో గుగ్గిలం చెట్టు. వడ్రంగి నోట అంతా చౌఖట్. ఆ మాటలోనే దాని లెక్క ఉంది, చౌ అంటే నాలుగు, ఖట్ అంటే కాష్ఠం. కింద గడప, పైన అడ్డకర్ర, పక్కన రెండు నిలువులు. అతను చేతిలోని గునియాతో మూలలు చూశాడు. మన వడ్రంగులైతే దాన్ని మూలమట్టం అంటారు. తర్వాత టేపుతో ఈ మూల నుంచి ఆ మూలకూ ఆ మూల నుంచి ఈ మూలకూ కొలిచాడు. రెండు కర్ణాలూ సమానమైతేనే దీర్ఘచతురస్రం నిక్కచ్చిగా ఉన్నట్టు. కొద్ది తేడా వచ్చింది, సుత్తితో మెల్లగా తట్టి మళ్ళీ కొలిచాడు. సమానం రాగానే ఆ నాలుగు కర్రలూ కదలకుండా ఏటవాలుగా ఒక బద్ద మేకులతో కొట్టాడు. గోడ లేచి సిమెంటు గట్టిపడేదాకా అది అలాగే ఉండాలి.

ఇంట్లోవాళ్ళ పని ఇంకో భాషలో నడుస్తోంది. గడప కూర్చునే చోట గుంటలో నవధాన్యాలు, పసుపుకొమ్ము, నాణెం వేశారు. కర్రకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. పైన మామిడాకులు కట్టారు. వడ్రంగి బద్ద కొట్టడానికి కాలు కింది కర్ర మీద మోపబోతుంటే ఇంటి పెద్దావిడ ఉలిక్కిపడి అంది: “భయ్యా, గడప పే పైర్ మత్ రఖో!” వాక్యమంతా హిందీ, గడప ఒక్కటే తెలుగు. హిందీలో దానికి దేహరీ అనే చక్కటి మాట ఉంది, ఆవిడకు తెలుసు కూడా. కానీ పసుపు పూసింది దేహరీకి కాదు. అతనికి తెలుగు రాదు, అయినా కాలు తీశాడు.

ఆ ఒక్క వాక్యంలో వలస వెళ్ళిన భాష చరిత్ర కొంత ఉంది. పని ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్ళది. వడ్రంగం స్థానికుల చేతిలో ఉంది కాబట్టి ద్వారబంధం చౌఖట్ అయింది, మూలమట్టం గునియా అయింది. వాటిని తెలుగులో అడగవలసిన అవసరం ఎవరికీ రాదు. మొక్కు ఇంటివాళ్ళ చేతిలో ఉంది కాబట్టి గడప గడపగానే ఉంది, దేవుడి పటం పటంగానే ఉంది. కొత్త ఫ్లాట్లలో లోపలి గదుల తలుపులకు గడప పెట్టడం మానేశారు. సిమెంటుతో పోతపోసిన ఆర్‌సీసీ చౌఖట్లు రోడ్డు పక్కన వరసగా నిలబెట్టి అమ్ముతారు. నాలుగు కర్రల్లో ఒకటి పోయి మూడే మిగిలినా, కర్రే పోయి సిమెంటు వచ్చినా ఆ పేరు చౌఖట్టే. వస్తువు మారినంత వేగంగా పేరు మారదు.

ఈ సూత్రానికి తలకిందులుగా నడిచిన మాట చట్టం. తెలుగు నిఘంటువుల్లో చట్టానికి కర్ర చట్రం అనే అర్థం ఉంది. తమిళంలో సట్టం అంటే ఇప్పటికీ బొమ్మకు వేసే కర్రా, శాసనసభ చేసే శాసనమూ రెండూ. మలయాళంలో చట్టం అంటే నియమం, చట్టక్కూడు అంటే ఫ్రేమ్‌వర్కు. మన తెలుగులో ఇవాళ చట్టమంటే కర్ర ఎవరికీ తట్టదు. సమాచార హక్కు చట్టం, అటవీ హక్కుల చట్టం, చట్టబద్ధం, చట్టసభ. శాసనమే మిగిలింది. కర్ర అర్థం పక్కనున్న చట్రానికి వెళ్ళిపోయింది. రాయపూర్‌లో శాసనసభ చాలా ఏళ్ళు మోవా మీదుగా పోయే ఈ రోడ్డులోనే నడిచింది. స్థానికులు దీన్ని విధానసభ రోడ్డనే పిలిచారు. కర్ర చట్టాలూ కాగితం చట్టాలూ ఒకే దారిలో తయారైన ఊరు ఇది.

కర్రా శాసనమూ ఒక మాటలో ఇమడడానికి కారణం పైన వడ్రంగి చేసిన పనిలోనే ఉంది. ఒక కర్ర తానొక్కటే దేన్నీ ఆపలేదు. నాలుగు కర్రలు ఒకదానికొకటి లోబడి, మూలల దగ్గర బిగిస్తేనే నిలుస్తాయి, అప్పుడే తలుపు బరువు మోస్తాయి. ఊరివాళ్ళ మధ్య ఒప్పందం కూడా అంతే. అందుకే ఆ మాట ఇంత సహజంగా కొయ్య నుంచి నియమానికి నడిచింది. ఇక్కడ ఒక జాగ్రత్త. చట్టాలు చట్టుబండలయ్యాయని వాక్యం రాసేవాళ్ళు ఈ రెండూ ఒకే మాటనుకుంటారు. చట్టుబండలో ఉన్న చట్టు అంటే రాయి. ధ్వని కలిసింది, వంశం కాదు.

చట్రానికీ చట్టానికీ ఉన్న బంధం ఇంగ్లండు చరిత్రలో ఘోరంగా బయటపడింది. మేజోళ్ళు అల్లే యంత్రాన్ని అక్కడ ఫ్రేము అనేవారు. 1811లో నాటింగ్‌హామ్ ప్రాంతపు పనివాళ్ళు బతుకుతెరువు పోతోందని ఆ ఫ్రేములు పగలగొట్టడం మొదలుపెట్టారు. 1812లో పార్లమెంటు ఫ్రేము పగలగొడితే మరణశిక్ష అని చట్టం చేసింది. కవి బైరన్ ఆ ఫిబ్రవరి 27న ప్రభువుల సభలో చేసిన మొదటి ప్రసంగం ఆ బిల్లును ఎదిరించడానికే. కొయ్య చట్రాన్ని కాపాడడానికి మనిషి మెడకు ఉరి కట్టే చట్రం తెచ్చారు. పనివాడి ముద్ద కన్నా అతని ముందున్న కొయ్యకు విలువ ఎక్కువ కట్టిన శాసనాన్ని ఏ భాషలోనూ న్యాయం అనలేం.

మన నేతలో ఫ్రేముకు పేరు మగ్గం. ఛత్తీస్‌గఢ్‌లో కోసా పట్టు నేసే వాళ్ళలో దేవాంగన్ అనే ఇంటిపేరు వింటే తెలుగు దేవాంగులు గుర్తుకు రాక మానరు. మగ్గాల సంఖ్య తగ్గుతున్నా మగ్గం అనే మాట తెలుగులో కొత్త చిగురు వేసింది. పెళ్ళి జాకెట్ల మీద పూసలు, జరీ కుట్టేందుకు గుడ్డను నాలుగు కర్రల మధ్య బిగించి కట్టే చట్రాన్ని హిందీ పనివాళ్ళు అడ్డా అంటారు. తెలుగు ఆడవాళ్ళు దానికి మగ్గం పేరు పెట్టారు, ‘మగ్గం వర్క్’ పుట్టింది. దాని మీద నేత లేదు, పడుగూ పేకా లేవు. గుడ్డను బిగించే కొయ్య ఏదైనా తెలుగు చెవికి మగ్గమే. ఒక మాట బతికి ఉందనడానికి ఇంతకన్నా గుర్తేముంది?

ఫ్రేము పేరు మొత్తం వస్తువునే మింగిన ఉదాహరణ కూడా ఈ ఊళ్ళోనే ఉంది. రాయపూర్‌లో రైల్వే వ్యాగన్ రిపేర్ షాపు, దాని చుట్టూ డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ ఉన్నాయి. అక్కడ పనిచేసే మనిషికి బోగీ అంటే చక్రాలను, ఇరుసులను, స్ప్రింగులను పట్టి ఉంచే ఇనుప చట్రం. దాని మీద అండర్‌ఫ్రేము, ఆపైన పెట్టె. టికెట్టు కొన్న మనకు మాత్రం బోగీ అంటే మనం కూర్చునే పెట్టె. తెలుగు, హిందీ ప్రయాణికులందరూ కలిసి కింద ఉన్న చట్రం పేరును పైకెక్కించారు. లారీ దగ్గర అలా జరగలేదు. కింద ఉన్నది ఛాసిస్‌గానే ఉంది, ఫ్రెంచిలో దానికీ చట్రమనే అర్థం. లారీలకు పేరుపడ్డ టాటీబంధ్‌లో తెలుగు డ్రైవర్ల మాటలు వింటే పైభాగం గురించి బాడీ కట్టించాలి అంటారు. పేర్లన్నీ పరాయివే, చివర కట్టించడం మాత్రం మనది.

ఇప్పుడు ఆ క్రియను దగ్గరగా చూద్దాం. ‘కట్టు’ నుంచి కట్టడం వచ్చింది, అది భవనం. కట్టడి వచ్చింది, అది అదుపు. కట్టుబాటు వచ్చింది, అది ఊరి నియమం. తెలుగు బైబిలు దేవుడి శాసనాలను కట్టడలు అంది. మంచి శరీర నిర్మాణం ఉన్నవాణ్ణి కట్టుమస్తుగా ఉన్నాడంటాం, ఇంగ్లీషువాడు అక్కడా ఫ్రేమే వాడతాడు. పాట కడతాం, వరస కడతాం, లెక్క కడతాం. నేరం అంటగడతాం. ఇంగ్లీషు ఫ్రేము వెయ్యేళ్ళకు పైగా నడిచి చేరుకున్న అర్థాలలో ఎక్కువ భాగం మన కట్టు తన పిల్లలతో ఇల్లు నింపినట్టు నింపుకుంది.

సంస్కృతం వైపు నుంచి వచ్చిన మాటలు చూసినా ఇదే కథ. బంధమంటే కట్టే. ద్వారబంధం తలుపును కడుతుంది, నిబంధన మనిషిని కడుతుంది, ప్రబంధం కథను కడుతుంది. చట్టంలో కర్రా శాసనమూ కలిశాయి. కట్టులో ఇల్లూ నియమమూ కలిశాయి. బంధంలో తలుపూ నిబంధనా కావ్యమూ కలిశాయి. మూడు వేర్ల నుంచి వచ్చిన మాటలు తెలుగులో ఒకే చోటికి చేరడం కాకతాళీయం కాదు. నిలబెట్టేదీ అదుపు చేసేదీ ఒకటేనని ఈ భాష మాట్లాడిన జనం పని చేస్తూ చేస్తూ తెలుసుకున్నారు.

అందుకే ఫ్రేము అనే పేరు వచ్చిందని నాకు బెంగ లేదు. కళ్ళజోడుకు ఫ్రేమంటే ఫ్రేమే, దానికి ఇవాళ కొత్త తెలుగు పేరు పుట్టించినా ఏ దుకాణంలోనూ చెల్లదు. పేర్లు వస్తువులతో పాటు వస్తాయి. దర్వాజా అలాగే వచ్చింది, బోగీ అలాగే వచ్చింది. నా బెంగ అంతా క్రియ గురించి. ఇప్పుడు పిల్లలు ఫొటో ఫ్రేమ్ చేయిద్దాం అంటున్నారు. చేయు అనే సాదా క్రియ పరాయి నామవాచకానికి తోకలా చేరి కట్టు, కూర్చు, బిగించు, అల్లు, దిగ్గొట్టు వంటి క్రియలన్నిటినీ ఖాళీ చేస్తోంది. ప్రశ్నలు ఫ్రేమ్ చేశారు, రూల్స్ ఫ్రేమ్ చేశారు, మనిషిని ఫ్రేమ్ చేశారు. మూడు వేర్వేరు పనులు ఒక్క రంగులోకి వచ్చేశాయి. ప్రశ్నలు కూర్చారు, నిబంధనలు పెట్టారు, నేరం అంటగట్టారు అంటే ఎవరు ఏం చేశారో, ఆ పని మంచిదో చెడ్డదో వినగానే తెలుస్తుంది.

పేరును అరువు తెచ్చుకుంటే నిఘంటువులో ఒక పేజీ పెరుగుతుంది. క్రియను పోగొట్టుకుంటే పనిని చూసే చూపు తగ్గుతుంది. మోవాలో పెరిగే తెలుగు పిల్లవాడు చౌఖట్ అన్నా ఫ్రేము అన్నా సర్దుకోవచ్చు. అతనికి నేర్పవలసింది వాటి వెనక వచ్చే మాట. ఫ్రేముకు తెలుగు ఏమిటని అడిగినప్పుడు, అది దేన్ని పట్టి ఉంచుతోంది, ఎలా పట్టి ఉంచుతోంది అని తిరిగి అడగండి. తలుపునా, బొమ్మనా, గుడ్డనా, మనిషినా? జవాబు చెప్పబోయేసరికి తెలుగు క్రియ దానంతటదే నోటికొస్తుంది. కట్టే పని తెలిసినంతకాలం ఆ పనికి కావలసిన పేర్లు తెలుగువాళ్ళు ఎక్కడున్నా సంపాదించుకుంటారు.